అచ్చొచ్చిన చెయ్యి

పోచయ్య గొంతుక్కూర్చున్నప్పుడల్లా గాలయ్య ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

తమ్ముడు మంచం పక్కన నేల మీద మడమలు రెండూ ఆనించి, మోకాళ్ళు గడ్డం దాకా మడిచి, చేతులు వాటి మీద వేలాడేసి కూర్చునేవాడు. గొర్రెలు కాసేవాడు ఎండలోనైనా వానలోనైనా, బండ మీదైనా బురదలోనైనా అలాగే కూర్చుంటాడు. ఎంతసేపు కూర్చున్నా ఒక్క ఊపులో లేస్తాడు. అందులో విశేషమేమీ లేదు. గాలయ్య కూడా ముప్పై ఎనిమిదేళ్ళు అలాగే కూర్చుని లేచాడు. ఇప్పుడు మాత్రం ఆ మడత పడే మోకాళ్ళను చూస్తుంటే తన పళ్ళెంలో ఇంకొకడు కూర్చుని తింటున్నట్టుండేది.

కొత్తకోటకు ఇవతల, హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే రోడ్డు పక్కన ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో మిషన్ దవాఖాన ఉండేది. దాని వెనక రేకుల షెడ్డులో, చాలాకాలం ఉండవలసిన రోగులకు వేసిన మంచాల్లో ఒకదాని మీద గాలయ్య దాదాపు తొమ్మిది నెలలు పడుకున్నాడు. భార్య నర్సింగమ్మ షెడ్డు చివర మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని వండిపెట్టేది. పోచయ్య రోజూ పొద్దున వచ్చేవాడు. వాళ్ళ ఊరు రెండు కోసుల దూరం. మంద మాత్రం ఆ ఏడు దవాఖాన చుట్టుపక్కల రైతుల చేలల్లోనే, ఎరువు కోసం, ఒక చేను నుంచి ఒక చేనుకు మారుతూ దిగేది. అలా దగ్గరలోనే ఉంచమని చెప్పింది గాలయ్యే. మంద కూత వినబడకపోతే తనకు నిద్ర పట్టదన్నాడు. కూత వినబడ్డాక అసలే పట్టలేదు. ఆ కూతకు బదులుగా తమ్ముడు నాలుకతో చేసే చప్పుడు కూడా వినబడేది.

వాళ్ళది కురుమ కుటుంబం. తండ్రి భీమయ్య పోయినప్పుడు నూట నలభై గొర్రెలు, పన్నెండు మేకలు ఉన్నాయి. వాళ్ళ ఇంటి ఆనవాయితీలో మందను పంచుకోరు. ఏటా పుట్టిన పిల్లలను అన్నదమ్ములు చెరిసగం తీసుకుంటారు గానీ, మంద ముందు నడిచేవాడు ఒక్కడే. వాడి చేతిలో తండ్రి కట్టె ఉంటుంది. మనిషి తల దాటిన పొడవు, కింది కొసకు ఇనుప పొన్ను. రొమ్ము ఎత్తున తాత చెయ్యీ తండ్రి చెయ్యీ పట్టీ పట్టీ, జానెడు మేర నల్లగా నిగనిగలాడుతుండేది. ఆ కట్టె పెద్దకొడుకుకే రావాలని లేదు. ఎవరి చెయ్యి మందకు అచ్చొస్తే వాళ్ళది. అచ్చిరావడమంటే గొర్రెలు నిండునెలలకు ఈని, పిల్లలు బతకడం. ఏటా బీరప్ప పండుగ నాడు కులపెద్ద బక్కయ్య వచ్చి మంద చుట్టూ ఒకసారి తిరిగి, పిల్లలను చూసి, కట్టె పట్టుకున్నవాడి భుజం తట్టి పోతాడు. తట్టకుండా పోయాడంటే కట్టె చెయ్యి మారాలని అర్థం.

తండ్రి పోయాక బక్కయ్య మూడుసార్లు గాలయ్య భుజం తట్టాడు. మూడోసారి తట్టినప్పుడు గాలయ్య కళ్ళు దించుకున్నాడు.

ఆ మూడోసారికి ముందటి చలికాలం పోచయ్య ఊళ్ళో లేడు. పోలీసు క్యాంపుకు కట్టెలు కొట్టడానికి, నీళ్ళు మోయడానికి వెట్టికి పట్టుకుపోయారు. పుష్యమాసంలో ఒక పొద్దున మందలో ఒక గొర్రె నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. పశువులకు గర్భం పోతే వాళ్ళు అలాగే అంటారు. రెండో రోజు ఇంకో రెండు. పదిహేను రోజుల్లో పదిహేడు. మందలోని నల్లమేక కూడా. వెంట్రుకలైనా సరిగా రాని పిల్లలను గాలయ్య ఉత్త చేతులతో ఎత్తి, తెల్లవారేలోగా వాగు ఇసుకలో పాతిపెట్టాడు. పోచయ్య వెట్టి నుంచి తిరిగివచ్చాక, "తోడేళ్ళు పడ్డయి. పిల్లల్ని కొట్టినయి," అని చెప్పాడు. భార్యకూ అదే చెప్పాడు. బక్కయ్యకూ అదే చెప్పాడు. తోడేళ్ళు పడడం కాపరి తప్పు కాదు. ఈసుకుపోవడం చేతి తప్పు.

నల్లమేకకు పిల్ల లేదు గనుక దాని పాలన్నీ మనిషికే మిగిలాయి. ఆ పాలు గాలయ్య ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. పొదుగు కింద చెంబు పెట్టి పితికి, నురగ చల్లారకుండా తాగేవాడు. తప్పు చేసిన మేక పాలు తను తాగితేనే ఆ తప్పు తన దగ్గరే ఉంటుందన్నట్టు తాగేవాడు. ఎండాకాలం ముందు నుంచి సాయంత్రాలు జ్వరం రావడం మొదలైంది. వచ్చేది, చెమటలు పోసేది, పోయేది. చలిజ్వరం అనుకున్నారు.

శ్రావణంలో కాలు చెడింది. ఆ ఏడు రజాకార్లు, పోలీసులు ఊళ్ళ మీద పడుతుండేవారు. క్యాంపులో మాంసం కావలసినప్పుడల్లా లారీ కురుమల మందల వైపు తిరిగేది. లారీ చప్పుడు వినగానే గాలయ్య మందను గుట్టల్లోకి తోలాడు. బండ మీంచి బండ మీదికి దూకినప్పుడు కుడికాలు సందులో ఇరుక్కుంది. ఒళ్ళు ఒక పక్కకు, మోకాలు ఒక పక్కకు తిరిగాయి. లోపల ఎండిన తోలుతాడు తెగినట్టు చప్పుడు వినబడింది. మంద దక్కింది. పోచయ్య అన్నను వీపు మీద వేసుకుని గుట్ట దిగాడు.

"నీ కాలు మంచిగైన దాంక కట్టె నేను పట్టుకుంట అన్నా," అన్నాడు ఇంటి ముందు దించుతూ.

"దాంకనే," అన్నాడు గాలయ్య.

భాద్రపదంలో కర్నూలు వైపు నుంచి యూనియన్ మిలిటరీ లారీలు వచ్చాయి. వారం తిరగకముందే రజాకార్లు లేకుండా పోయారు. రోడ్డు తెరుచుకుంది. గాలయ్య మోకాలు మాత్రం నాలుగడుగులు వేస్తే ఒకసారి పక్కకు జారిపోయేది. పోచయ్యే బండి కట్టి దవాఖానకు తీసుకొచ్చాడు. అక్కడి డాక్టరు అమరేందర్ యుద్ధకాలంలో పటాలంతో తిరిగి సిపాయిల మోకాళ్ళు కుట్టినవాడు. గాలయ్య కాలు అటూ ఇటూ లాగి చూశాడు.

"నరం గాదు గాలయ్యా. మీది ఎముకను కింది ఎముకను పట్టుకోనుండే పట్టీ. అది తెగింది. నీ తొడ పక్కకెల్లి ఇంకో పట్టీ తీసి ఆడ కుడుత."

"మల్ల గొర్ల ఎంబడి పోతనా సాబ్?"

"పోతవు."

మార్గశిరంలో ఆపరేషన్ అయింది. తొడ నుంచి పాదం దాకా సిమెంటు పట్టీ వేశారు. గాలయ్య వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజు తమ్ముణ్ణి పిలిచి నల్లమేక పాలు తెచ్చిపెట్టమన్నాడు. అప్పటి నుంచి పోచయ్య రోజూ ఆనపకాయ బుర్రలో పచ్చిపాలు తెచ్చేవాడు. కట్లు కట్టే కంపౌండరు దస్తగిరి ఆ బుర్రను చూసి మూతి ముడిచేవాడు.

"గాలన్నా, జర కాసి తాగరాదు. పొయ్యి ఈడనే ఉండె."

నర్సింగమ్మ అడ్డం వచ్చింది. "ఏం జెప్తవు దస్తగిరన్నా. పాలు పొంగి నిప్పుల పడ్డయంటే మేక పొదుగు పగుల్తది. మా అత్త బతికున్నన్ని దినాలు మంద పాలు పొయ్యెక్కనియ్యలే."

"మా ఇంట్ల దినాం పొంగుతయక్కా. మా మేక మంచిగనే ఉన్నది."

"మీ మేకకు గా సంగతి తెల్వదేమో."

దస్తగిరి నవ్వాడు. పోచయ్య కూడా నవ్వాడు. పోచయ్య నవ్వితే నర్సింగమ్మ ఇంకా నవ్వింది. పటేలు గడీ ముందు పొట్టేలు కొత్త తాసీల్దారును కుమ్మిన సంగతి పోచయ్య చెప్పడం మొదలుపెట్టాడు. టోపీ ఎటు పడిందో, కళ్ళద్దాలు ఎటు పడ్డాయో చేతులతో చూపిస్తున్నాడు. నర్సింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాలు చెడినప్పటి నుంచి ఆమె తన దగ్గర అలా నవ్వలేదని గాలయ్య లెక్కపెట్టుకున్నాడు.

"మందల ఎవలున్నరురా?" అన్నాడు.

"కుక్క ఉన్నదన్నా."

"కుక్కనే కాస్తదా ఇగ?"

పోచయ్య లేచాడు. ఒక్క ఊపులో. ఆ లేవడం చూడకూడదనుకుని కూడా గాలయ్య చూశాడు.

మాఘంలో సిమెంటు పట్టీ కోసి తీశారు. కాలు సన్నబడి వాడిన కాడలా ఉంది. మోకాలు మాత్రం ఉబ్బి, చేత్తో ముట్టుకుంటే వేడిగా తగిలింది. సాయంత్రాలు జ్వరం మళ్ళీ పట్టుకుంది. తెల్లవారేసరికి పక్కబట్ట పిండితే నీళ్ళు కారేవి. క్వినైన్ ఇచ్చారు. పది రోజులు తగ్గింది, పన్నెండో రోజు వచ్చింది. మోకాల్లో సూది గుచ్చి నీరు తీసి చూస్తే మామూలుగా చీము పట్టించే పురుగేదీ దొరకలేదు. అదే వారంలో, అదే డాక్టరు చేతుల మీద, అలాంటి ఆపరేషనే చేయించుకున్న లారీ డ్రైవరు ఒకడు కర్రతో గేటు దాకా నడిచి, మర్నాడు కర్ర లేకుండా నడిచి, ఆ మర్నాడు ఇంటికి పోయాడు. వెళ్ళేముందు గాలయ్య చెయ్యి పట్టుకుని, "నీది గూడ అయితది అన్నా," అన్నాడు. గాలయ్య ఆ చేతిని చాలాసేపు దుప్పటికి తుడుచుకున్నాడు.

ఆ రోజుల్లోనే పోచయ్య ఈతల సంగతి చెప్పాడు.

"ముప్పై రెండు ఈనినయన్నా. ఒక్క పిల్ల పోలే. మూడు కవలలు."

గాలయ్య కప్పు వైపు చూస్తూ అడిగాడు. "తోడేళ్ళు రాలేదా?"

పోచయ్య నేల మీద గీత గీస్తూ, తలెత్తకుండా, "ఈ ఏడు రాలే," అన్నాడు.

మర్నాడు అమరేందర్ మంచం దగ్గర నిలబడి కాగితం తిరగేశాడు. అప్పుడు కూడా పోచయ్య అక్కడే ఉన్నాడు.

"గాలయ్యా, నువ్వు మందల తిరిగెటోనివి. మీ గొర్లల్ల, మేకలల్ల ఎన్నడన్న గర్భాలు పోయినయా? నెలలు నిండకుంట పడిపోయినయా?"

ప్రశ్న విచిత్రంగా ఉంది. మోకాలికీ దానికీ సంబంధమేమిటో గాలయ్యకు తెలియదు. తెలిసిందల్లా పక్కన తమ్ముడు గొంతుక్కూర్చుని ఉన్నాడని, నిన్ననే ముప్పై రెండు ఈనాయని చెప్పాడని.

"లేదు సాబ్," అన్నాడు. "మా మందల గసోంటిది ఎన్నడు కాలే."

డాక్టరు పోచయ్య వైపు చూశాడు. పోచయ్య నేల మీద మళ్ళీ గీసిన గీతను అరచేత్తో చెరిపేస్తున్నాడు. 

"అయితే గది గాదు," అని డాక్టరు కాగితం మీద ఏదో కొట్టేశాడు. కీలుకు క్షయ పట్టిందని నిర్ణయమైంది. దానికి అప్పటి మందు కాలు కదపకుండా ఉంచడమే. మళ్ళీ సిమెంటు పట్టీ వేశారు. బలానికి పాలు బాగా తాగమన్నారు. గాలయ్య తాగాడు.

ఎండాకాలం ఆ షెడ్డు రేకుల కింద గడిచింది. సిమెంటు పట్టీ లోపల ఒక చోట తడి పుట్టి, వాసన వచ్చి, దస్తగిరి అక్కడ కిటికీలా కోశాడు. మోకాలి పక్కన ఆపరేషన్ కుట్టు విచ్చి పలచని చీము కారుతోంది. దస్తగిరి రోజూ గుడ్డ మారుస్తూ మాట్లాడేవాడు. ఒకరోజు అడిగాడు.

"గాలన్నా, నీ తమ్ముడు దినాం వస్తడు. ఆయినె దిక్కు ఎందుకట్ల చూస్తవు?"

"ఎట్ల చూసిన?"

"దుష్మన్‌ను చూసినట్టు." దస్తగిరి గుడ్డ ముడివేశాడు. "మా అన్న లాల్ సాబ్ మిలిటరొచ్చిన వారం కల్వకుర్తి సంతకు పోయిండు. ఇంక రాలే. అందుకే అడిగిన."

 గాలయ్య దస్తగిరి వాళ్ళన్న గురించి కాసేపు ఆలోచించాడు. సాయంత్రం మంద కూత వినబడగానే ఆ ఆలోచన పోయింది. ఎవరి చప్పుడుకు నల్లమేక ముందు కదులుతుందో చెవులు రిక్కించి విన్నాడు.

ఆషాఢంలో డాక్టరు తేల్చి చెప్పాడు. చీము తొడలోకి పాకకముందే కాలు తొడ దగ్గర తీసేయాలి. బేస్తవారం అని రోజు పెట్టాడు. నర్సింగమ్మ పొయ్యి దగ్గర కూర్చుని గొంతు బయటికి రాకుండా ఏడ్చింది. గాలయ్య ఏడవలేదు. ఒక్క కాలితో గొర్రెల వెంట పోయినవాణ్ణి ఎవరినైనా చూశానా అని గుర్తుచేసుకుంటూ పడుకున్నాడు.

బుధవారం పొద్దున పోచయ్య పాలబుర్ర లేకుండా వచ్చాడు. వానకు గొంగడి తడిసి బరువుగా వేలాడుతోంది. చేతిలో తండ్రి కట్టె ఉంది. కూర్చోలేదు.

"పదకొండు ఈసుకపోయినయన్నా," అన్నాడు. "ఎనిమిది దినాలల్ల. ఇయ్యాల పొద్దుగాల ఇంకోటి మూలుగుతాంది."

 మోకాలు చెడిన రోజు నుంచీ గాలయ్య ఒంట్లో ఏ మందుకూ తగ్గని మంట ఒకటి ఆ మాటతో చల్లారింది. పోచయ్య ముఖం పీక్కుపోయి ఉంది. ఆ ముఖాన్ని గాలయ్య తృప్తిగా, తీరిగ్గా చూశాడు. తన సంతోషం తనకు తెలుస్తూనే ఉంది. దాన్ని ఆపుకోవాలనిపించలేదు.

"నా చెయ్యి అచ్చిరాలే," అన్నాడు పోచయ్య. "పండుగకు బక్కయ్య మామ రాకముందే ఇస్తున్న. తీస్కో." కట్టెను మంచం మీద అన్న పక్కన పొడుగ్గా పెట్టాడు.

గాలయ్య చెయ్యి దానంతటదే నల్లగా మెరిసే ఆ జానెడు మేరకు పోయి పట్టుకుంది.

చీము గుడ్డ మార్చడానికి వచ్చిన దస్తగిరి వెనక నిలబడి అంతా విన్నాడు. గుడ్డల పళ్ళెం అక్కడే పెట్టి బయటికి పోయాడు. కాసేపట్లో అమరేందర్ తడి చెప్పులతో గబగబా వచ్చాడు.

"మీ మంద ఈసుకపోతాందా?"

"అవు సాబ్," అన్నాడు పోచయ్య. "నా చేతుల."

"ఎప్పట్నుంచి?"

"ఎనిమిది దినాలు."

"అంతకు ముంగట?"

పోచయ్య తడిసిన గొంగడి అంచు పిండుకోసాగాడు. డాక్టరు గాలయ్య వైపు తిరిగాడు.

"ఒక రోగం ఉన్నది గాలయ్యా. మేకలకు, గొర్లకు వస్తది. గర్భాలు పోతయి. వాటి పచ్చిపాలు తాగినోళ్ళకు, పడిపోయిన పిల్లల్ని ముట్టినోళ్ళకు వస్తది. జ్వరం వచ్చుకుంట పోకుంట ఉంటది. దెబ్బ తగిలిన కీల్ల పోయి కూసుంటది. నాకు గా అనుమానం ఉండె. నువ్వు లేదంటివి. నీ జ్వరం ఎప్పటిది?"

"నిరుడు ఎండకాలం ముంగట."

డాక్టరు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. ముఖంలో వెలుగు తగ్గింది. "ఏడాదిన్నర అయితాంది. మంద చెడ్డది ఎనిమిది దినాల కింద. నీ జ్వరం ముందటిది. కుదరదు."

"రక్తం చూడరాదా సాబ్?" అన్నాడు దస్తగిరి.

"పట్నం పంపాలె. పరీక్షకు మందు వాళ్ళు బొంబాయికెల్లి తెప్పియ్యాలె. నెల పడుతది. నెల ఆగి, అది గాదని తేలితే కాలు తీసినా మనిషి దక్కడు. ఉత్త అనుమానానికి ఆగలేను." గడియారం చూసుకున్నాడు. "రేపు పొద్దుగాల ఏం తినకు గాలయ్యా."

డాక్టరు షెడ్డు గుమ్మం దాకా వెళ్ళాడు.

గాలయ్య చేతిలో కట్టె ఉంది. మాట్లాడకపోతే అది తనదే. తమ్ముడే తెచ్చి ఇచ్చాడు, తన చెయ్యి అచ్చిరాలేదని సాక్షుల ముందు ఒప్పుకున్నాడు. బక్కయ్య ఇంక ఏ పండుగకు వచ్చినా చూడవలసింది పోచయ్యనే. మాట్లాడితే కట్టె పోతుంది. కాలు ఉండొచ్చు. ఆ కాలితో మాత్రం ఎవరి వెంట నడవాలి. పోచయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గొంగడి నుంచి నీళ్ళు కారి అతని పాదాల చుట్టూ చేరుతున్నాయి. తన చెయ్యి చూసుకుంటున్నాడు. అరచెయ్యి తిప్పి, మళ్ళీ తిప్పి, అందులో ఏదో కనబడుతుందన్నట్టు చూసుకుంటున్నాడు. పదిహేడో పిల్లను పాతిపెట్టిన పొద్దున వాగు ఒడ్డున తను చూసుకున్నట్టే.

తను చూసుకున్న చూపు ఇంకొకడి ముఖంలో కనబడడం గాలయ్యకు సహించలేదు. అది కూడా వీడికే పోతోందా అనిపించింది.

"తోడేళ్ళు గాదు," అన్నాడు.

డాక్టరుకు అర్థం కాక వెనక్కి తిరిగాడు.

"నా జ్వరానికి ముంగటి పుష్యమాసంల పదిహేడు ఈసుకపోయినయి సాబ్. నల్లమేక సుత. నా చేతులతోనే పాతిపెట్టిన. దాని పాలే తాగుతున్న. ఇప్పటి దాంక."

నర్సింగమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది. అమరేందర్ తిరిగి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఎన్ని, ఎప్పుడు, జ్వరం ఎన్ని రోజులకు మొదలైంది, పాలు ఎన్నడైనా కాచారా అని ఒక్కొక్కటే అడిగాడు. గాలయ్య ఒక్కొక్కటే చెప్పాడు. డాక్టరు కోప్పడలేదు. చివర్న మాత్రం, "మాఘమాసంల అడిగిన గదా గాలయ్యా," అన్నాడు. అది కోపం కంటే కష్టంగా తగిలింది. బేస్తవారం ఆపరేషన్ ఆపించి, రక్తం తీయించి, మధ్యాహ్నం బస్సుకే దస్తగిరిని పట్నం పంపాడు.

అందరూ వెళ్ళాక పోచయ్య వచ్చి మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నాకెర్కనే అన్నా."

"ఏం ఎర్క?"

"వాగుల పాతింది. నేను వెట్టికెల్లి వచ్చిన వారానికే నల్లకుక్క తవ్వింది. మల్ల పూడ్చి మీద బండ పెట్టిన."

గాలయ్య అడిగాడు. "బక్కయ్య మామకెందుకు చెప్పలే?"

"చెప్తే కట్టె నాకిస్తడు."

"ఇస్తే?"

"నువ్వెట్లుంటవన్నా కట్టె లేకుంట."

ఆ మాట మెత్తగానే అన్నాడు. గాలయ్యకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఏడాదిన్నరగా తనొక్కడే మోస్తున్నాననుకున్నది కూడా తనొక్కడిది కాదు. దాని సగం వీడు మోశాడు, అడగకుండా, చెప్పకుండా. మూడోసారి బక్కయ్య భుజం తట్టింది వీడి దయ వల్ల. మాఘమాసంలో డాక్టరు అడిగినప్పుడు వీడు నేల మీది గీత చెరుపుతూ తన పరువు కాపాడాడు, అది కాపాడినందువల్లే కాలు ఇంత దూరం వచ్చింది.

"లే," అన్నాడు గాలయ్య. "అట్ల కూసోకు నా ముంగట."

పోచయ్య లేచి నిలబడ్డాడు.

నెల పడుతుందన్న పరీక్ష ఇరవై రెండో రోజుకే వచ్చింది. బ్రూసెల్లా అని ఆ పురుగు పేరు. నర్సింగమ్మకు నోరు తిరగలేదు, ఆమె చివరిదాకా దాన్ని మేకజ్వరం అనే అన్నది. పట్నం నుంచి స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త సూదిమందు తెప్పించి రోజూ పొడిచారు, సల్ఫా బిళ్ళలు మింగించారు. మోకాలు తెరిచి కడిగారు. డాక్టరు తొడ నుంచి తీసి కుట్టిన పట్టీ లోపల ఎప్పుడో కరిగిపోయింది. కాలు ఉంటుందన్నాడు, మడత మాత్రం పడదన్నాడు. మాఘంలోనే తెలిసి ఉంటే ఎలా ఉండేదో గాలయ్య అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అనుమానం కొద్దీ పోచయ్య రక్తం కూడా పంపారు. శుభ్రంగా ఉందని వచ్చింది. నల్లమేక పాలు ఇంట్లో ఇంకెవరినీ ముట్టనివ్వకపోవడం మంచిదైందని డాక్టరు గాలయ్యను మెచ్చుకున్నాడు. గాలయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రక్తంలో కూడా వాడిదే శుభ్రం.

డాక్టరు చెప్పినట్టు నల్లమేకనూ, ఈసుకుపోయిన గొర్రెలనూ మందలోంచి వేరుచేశారు. ఇంటికి తిరిగివచ్చాక పాలు కాచడం మొదలైంది. మొదటిరోజు పాలు పొంగి నిప్పులో పడ్డాయి. నర్సింగమ్మ గరిటె పట్టుకునే దొడ్లోకి పరుగెత్తి మిగిలిన మేకల పొదుగులన్నీ వంగి చూసి వచ్చింది. ఏమీ కాలేదు. రెండు రోజులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బీరప్ప పండుగకు బక్కయ్య వచ్చాడు. గాలయ్య గడపలో కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కట్టె అతని పక్కన గోడకు ఆని ఉంది. బక్కయ్య మందను చూసి, డాక్టరు ఏం చెప్పాడో నర్సింగమ్మతో రెండుసార్లు చెప్పించుకుని, చాలాసేపు చుట్ట తాగాడు.

"రోగం గొర్రెది. చెయ్యిది గాదట," అన్నాడు చివరికి. "అట్లయితే ఎవని చెయ్యి చెడ్డదని చెప్పాలె నేను? కట్టె పెద్దోని దగ్గరనే ఉండనీ. మంద ఎంబడి చిన్నోడు పోతడు."

అన్నదమ్ములిద్దరి భుజాలూ తట్టి పోయాడు.

కట్టె మిగిలింది. నడిపించడానికి ముందు మంద లేదు. నాలుగు రోజులు గాలయ్య దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తను పోయాకైనా, తను పడుకున్నప్పుడైనా, అది పోచయ్య చేతిలో నిండుగా, తల దాటి నిలబడి, మంద ముందు పోవడం అతని కళ్ళకు కనబడుతూనే ఉంది. ఐదో రోజు పొద్దున తమ్ముణ్ణి పిలిచాడు.

"రంపం తే. నాకు ఊతకర్ర కావాలె. దీన్ని కొయ్యి."

పోచయ్య కట్టె వైపు, అన్న వైపు చూశాడు. "ఊతకర్రకు తుమ్మకొమ్మ కొట్టుకొస్త గదన్నా. గీంత దానికి నాయిన కట్టె ఎందుకు?"

"నాది. కొయ్యమన్న."

పోచయ్య రంపం తెచ్చాడు. "జర నిలబడు. కొలుస్త." గాలయ్య గుంజ పట్టుకుని నిలబడ్డాడు. పోచయ్య అన్న తుంటి ఎత్తు దగ్గర బొగ్గుతో గీత పెట్టాడు. "ఏ కొస కొయ్యాలె?"

"మీది కొస. కిందికి పొన్ను ఉన్నది. జారకుంట అదుండాలె."

పోచయ్య రెండు రాళ్ళ మధ్య కట్టెను పెట్టి, గొంతుక్కూర్చుని, పాదంతో తొక్కిపట్టి కోశాడు. పాత కట్టె, గట్టిది, చాలాసేపు పట్టింది. పై ముక్క తెగి దుమ్ములో పడింది. అప్పుడు చూశాడు గాలయ్య. తాత చెయ్యి, తండ్రి చెయ్యి, తన చెయ్యి పట్టి నల్లబడ్డ ఆ జానెడు మేర ఆ ముక్కలోనే ఉంది. తన చేతికి వచ్చిన కర్ర పైకొస తెల్లగా, పచ్చి గాయంలా ఉంది.

పోచయ్య ఆ కొసను రాతి మీద నున్నగా రుద్ది, గొంగడి అంచుతో తుడిచి అన్న చేతికి ఇచ్చాడు. కింద పడ్డ ముక్కను తీసుకుని, దుమ్ము దులిపి, నడుము గుడ్డలో దోపుకున్నాడు. ఆ చెయ్యి ఏ ఆలోచనా లేకుండా చేసినట్టుంది.

గాలయ్య ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు బతికాడు. కుడికాలు బిగదీసి, పొన్ను కర్ర టకటకమని ఆనిస్తూ, సాయంత్రాలు మంద దిగిన చేను దాకా నడిచేవాడు. గట్టు మీద నిలబడేవాడు, కూర్చోవడం కుదరదు గనుక. ఈనే గొర్రె ఏదో చూసి చెప్పడంలో అతని కన్ను చివరిదాకా తప్పలేదు. పోచయ్య తుమ్మకట్టె పట్టుకుని మంద ముందు తిరిగేవాడు. పిల్లల దొడ్డి తడికకు గొళ్ళెంగా ఒక కర్రముక్క ఉండేది. జానెడు మేర నల్లగా, నిగనిగలాడుతూ. పొద్దునా సాయంత్రం దాన్ని పోచయ్య చెయ్యి తీసేది, పెట్టేది.

అది ఇటియ్యమని అడగాలని గాలయ్యకు చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే వాడు ఇస్తాడు. అందుకే అడగలేదు.